పట్టికలో చివరివాడు – డాక్టర్ జేమ్స్ నైస్మిత్

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల కాలేజీ కుర్రవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే, ఏ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు గొప్పదన్న జగడం రాక మానదు. ఫలానా ఏడు షీల్డు మాదంటాడొకడు. ఆ ఫైనల్లో రెఫరీ మిమ్మల్ని గట్టెక్కించాడంటాడు ఇంకొకడు. మా సీనియర్లు ఆడే రోజుల్లో మీకు సరైన కోర్టే లేదంటాడు మూడోవాడు. టీ చల్లారుతుంది గానీ జగడం చల్లారదు.

ఈ జబ్బు మనకొక్కరికే ఉందనుకోవద్దు. అమెరికాలో ఇది పెద్ద పరిశ్రమ. 1949 నుంచి అసోసియేటెడ్ ప్రెస్ వారు విలేకరుల ఓట్లతో కాలేజీ జట్లకు ర్యాంకులిస్తున్నారు. జాతీయ టోర్నమెంటు టైటిళ్ళు లెక్కవేస్తే 11 టైటిళ్ళతో యు.సి.ఎల్.ఏ. పైన నిలుస్తుంది. అందులో 10 టైటిళ్ళు 1964కూ 1975కూ నడుమ జాన్ ఉడెన్ అనే ఒక్క కోచ్ తెచ్చిపెట్టినవే. 8 టైటిళ్ళతో కెంటకీ తర్వాతది. కాన్సాస్ వారు మాత్రం 1922, 1923 సంవత్సరాల టైటిళ్ళు కూడా తమ లెక్కలో కలపాలంటారు. ఆ రోజుల్లో జాతీయ టోర్నమెంటే లేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత హెల్మ్స్ ఫౌండేషన్ అనే సంస్థ పాత రికార్డులు తిరగేసి ఆ రెండూ వారికి కట్టబెట్టింది. వాటిని కలపాలా, వద్దా? అదొక తెగని తగాదా.

ఈ తగాదాలన్నిటికీ మూలపురుషుడైన మనిషి ఏ పట్టికలోనూ పైన కనిపించడు. ఆయన కథే ఇది.

జేమ్స్ నైస్మిత్ 1861 నవంబరు 6న కెనడాలోని ఆల్మాంట్ దగ్గర పుట్టారు. తొమ్మిదేళ్ళకే తల్లినీ తండ్రినీ టైఫాయిడ్ పొట్టన పెట్టుకుంది. మేనమామ పంచన పెరిగారు. చదువు నడుమలో మానేసి అడవుల్లో దుంగలు కొట్టే పనికి పోయారు. మళ్ళీ బుద్ధి పుట్టి బడికొచ్చి, మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకున్నారు. మతశాస్త్రం కూడా చదివారు. అయితే చర్చి వేదిక కన్నా ఆటస్థలంలోనే కుర్రవాళ్ళను ఎక్కువ బాగుచేయవచ్చని తోచి, అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలలో చేరారు.

1891 చలికాలం. బయట మంచు. లోపల డ్రిల్లు చేసి చేసి విసిగిపోయిన 18 మంది మొండి విద్యార్థులు. పై అధికారి లూథర్ గూలిక్ ఈయనకు రెండు వారాలు గడువిచ్చి, గదిలో ఆడే కొత్త ఆటొకటి కనిపెట్టమన్నారు. ఫుట్‌బాల్ వంటివి లోపల ఆడించి చూస్తే దెబ్బలు తప్ప ఏమీ మిగల్లేదు. అప్పుడాయన ఆలోచించారు. బంతి పట్టుకొని పరుగెత్తితేనే గదా మీదపడి లాగడం? అంచేత పరుగు నిషేధించారు. గోలు ఎదురుగా ఉంటే బలం కొద్దీ విసురుతారు, అది నెత్తిమీద ఉంటే ఒడుపుగా వేయక తప్పదు. చిన్ననాడు ఆల్మాంట్‌లో బండమీది రాయిని రాయితో కొట్టే ఆటలో నేర్చిన ఒడుపే అది. మన ఏడుపెంకులాట ఆడినవారికి ఈ రహస్యం వేరే చెప్పనక్కరలేదు.

గోలుకు పెట్టెలు అడిగితే కాపలావాడి దగ్గర పీచ్ పళ్ళ బుట్టలే దొరికాయి. వాటిని 10 అడుగుల ఎత్తున్న బాల్కనీకి మేకులతో కొట్టించారు. 13 నియమాలు రాసి గోడకంటించారు. డిసెంబరులో జరిగిన ఆ తొలి ఆటలో జట్టుకు తొమ్మిదిమంది. పడింది ఒక్కటే గోలు. ఈనాటికీ మన రింగు ఎత్తు ఆ 10 అడుగులే!

తర్వాత ఆయన డెన్వర్‌లో వైద్యం చదివి 1898లో డాక్టరయ్యారు. ఆ ఏడే కాన్సాస్ విశ్వవిద్యాలయంలో వ్యాయామ శాఖకు చేరి, అక్కడ జట్టు తయారుచేశారు. 1907 దాకా ఆయనే కోచ్. గెలిచినవి 55, ఓడినవి 60. ఆ విశ్వవిద్యాలయం కోచ్‌ల చరిత్రలో గెలుపుల కన్నా ఓటములు ఎక్కువున్నది ఈ ఆట కనిపెట్టిన ఒక్క పెద్దమనిషికే! ఈ ఆట ఆడడానికే గాని కోచింగు ఇవ్వడానికి కాదని ఆయన నమ్మకం.

ఆయన దగ్గర ఆడిన ఫాగ్ ఆలెన్ ఆ మాట వినలేదు. కాన్సాస్‌కే కోచ్ అయి 590 ఆటలు గెలిపించాడు. ఆలెన్ జట్టులో కూర్చున్న అడాల్ఫ్ రప్ కెంటకీకి పోయి 876 గెలిపించాడు. ఆలెన్ శిష్యుడే అయిన డీన్ స్మిత్ నార్త్ కరొలైనాలో 879 గెలిపించాడు. కాన్సాస్ గొప్పా, కెంటకీ గొప్పా, నార్త్ కరొలైనా గొప్పా అని ఈనాడు కొట్టుకుంటున్నది ఒకే తాత మనవలన్నమాట.

ఇంకొక శిష్యుడున్నాడు, జాన్ మెక్‌లెండన్. నల్లజాతివాడు. 1930లలో కాన్సాస్‌లో చదువుకోనిచ్చారు గాని జట్టులో ఆడనివ్వలేదు. నైస్మిత్ ఆ కుర్రవాడిని దగ్గరకు తీసి ఆటలోని మర్మాలన్నీ చెప్పారు. అతడు టెన్నెసీ ఏ అండ్ ఐ కాలేజీ కోచ్‌గా 1957, 1958, 1959లో వరుసగా మూడు జాతీయ టైటిళ్ళు గెలిచాడు. ఈ గెలుపులు గురువుగారి 55లో చేరవు. చేర్చే పట్టిక యాడుంది?

1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ ప్రవేశించింది. కోచ్‌లు చందాలు వేసుకొని ముసలాయనను అక్కడికి పంపారు. వానలో, బురదలో జరిగిన ఫైనల్లో అమెరికా కెనడాను 19–8తో ఓడించింది. పుట్టిన దేశం, మెట్టిన దేశం రెండూ తన ఆటే ఆడడం ఆయన కళ్ళారా చూశారు. 1939 మార్చిలో కాలేజీల మొదటి జాతీయ టోర్నమెంటును ఒరెగాన్ గెలిచింది. ఆ నవంబరు 28నే నైస్మిత్ కన్నుమూశారు.

మన సీమకూ ఆయనకూ బంధుత్వం లేకపోలేదు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చదివిన హెచ్.సి. బక్ దొర 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాల స్థాపించారు. కడప జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. దక్షిణాదిన ఎందరో డ్రిల్లు మేష్టర్లు తయారైంది అక్కడే.

అంచేత సోదరులారా, మూడు ఊళ్ళ జగడం మానమని నేననను. జగడం లేనిదే ఆటకు ఉప్పుండదు. కాకపోతే షీల్డులు లెక్కపెట్టేటప్పుడు ఇంకొక లెక్క కూడా వేద్దాం. మన కోర్టులో ఎవరెవరిని ఆడనిచ్చాం? ఎవరిని గట్టుమీదే నిలబెట్టాం? మన దగ్గర నేర్చినవాడు ఇంకెందరికి నేర్పాడు? ఆ లెక్క తేలిననాడు ఏ కాలేజీ గొప్పదో మళ్ళీ కూర్చొని మాట్లాడుకుందాం. టీ ఖర్చు ఓడినవారిది.