దేశమును కొలిచి గ్రంథములో వ్రాయించినవాడు

యెహోషువ గ్రంథము 18వ అధ్యాయము రాగానే మనలో అనేకులము పేజీ త్రిప్పివేయుదుము. ఊళ్ల పేర్లు, సరిహద్దులు తప్ప అందులో ఏమున్నదని తోచును. అయితే గోత్రమునకు ముగ్గురు చొప్పున షిలోహు నుండి బయలుదేరి, దేశమంతయు నడచి, ఊరూరి వివరమును పుస్తకములో వ్రాసి తెచ్చినవారు అచ్చటనే యున్నారు. మన ప్రాంతములో అట్టి పని చేయించినవాడు కర్నల్ కాలిన్ మెకంజీ.

ఆయన 1754లో స్కాట్లండుకు చెందిన లూయిస్ ద్వీపమందు, స్టోర్నోవే పట్టణములో ఒక వర్తకుని కుమారుడుగా పుట్టెను. కొంతకాలము అచ్చటి రేవులో సుంకపు ఉద్యోగము చేసి, 1783లో చెన్నపట్టణమునకు ఓడ దిగెను. అప్పటికి ఆయనకు దాదాపు ముప్పది యేండ్లు. మరల స్వదేశమును చూడనేలేదు. నెల్లూరు, ఒంగోలు, గుంటూరు సీమల దారులను, నేలను కొలుచుచు తన తొలి సంవత్సరములు గడపెను.

ఆయనకు మన భాషలు బాగుగా రావు. ఈ సంగతి మరువరాదు. ఏలూరు వారైన కావలి సహోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ఆయనకు నాలుకయు చెవియు అయిరి. వారును, వారి క్రింది గుమాస్తాలును గ్రామములకు పోయి, కరణముల యొద్దను పెద్దల యొద్దను కూర్చుండి, చెరువు ఎవరు త్రవ్వించిరి, గుడి ఎవరు కట్టించిరి, ఇనాము ఎవరిది అని అడిగి వ్రాసికొనిరి. వీటినే కైఫీయత్తులందురు. పల్నాటి గ్రామములవియు వాటిలో కలవు. కరణములు చెప్పినదంతయు నిజమని నేననను. భూమి మాట వచ్చినప్పుడు మనుష్యుడు తనకు అనుకూలముగా చెప్పును గదా. అయినను ఆ కాగితములు లేనియెడల మన తాతల ఊళ్ల సంగతి ఎంతో తెలియక పోయియుండును.

ఇప్పుడు పల్నాడు జిల్లాలోనున్న అమరావతి దిబ్బను ఆయన 18వ శతాబ్దాంతమున చూచెను. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు క్రొత్త పట్టణము కట్టించుచుండగా అచ్చటి చెక్కడపు రాళ్లు తరలిపోవుచుండెను. 1816లో మెకంజీ మరల వచ్చి, తన వారిచేత వాటి బొమ్మలను శ్రద్ధగా వ్రాయించెను. తరువాత పోయిన రాళ్లకు ఆ బొమ్మలే సాక్ష్యము.

ఆయన పెండ్లి ఆలస్యముగా జరిగినది. యుద్ధ కార్యముమీద జావాకు పోయినప్పుడు, 1812లో బటావియాలో పెట్రొనెల్లా జాకొమినా బార్టెల్స్ అను యువతిని వివాహమాడెను. 1815లో హిందూదేశమంతటికి మొదటి సర్వేయరు జనరల్ అయ్యెను. 1821 మే 8న కలకత్తా దగ్గర మరణించెను. భార్య యొద్దనుండి ప్రభుత్వము ఆ కాగితములన్నిటిని కొనెను.

బొర్రయ్య 1803లోనే, చిన్న వయస్సులో చనిపోయియుండెను. మిగిలిన లక్ష్మయ్య, దొర మొదలుపెట్టిన పనిని తానే సాగించెదనని అర్జీ పెట్టుకొనెను. దేశీయుడొకడు అంతటి పనిని నడపగలడని కలకత్తాలోని పండిత సభవారు ఒప్పుకొనలేదు. కాగితముల పరిశీలన చెన్నపట్టణములోని మిషనరీ విలియం టేలరుకు అప్పగింపబడెను. మన మిషనరీలను గౌరవించు మనకు ఈ మాట వ్రాయుట కష్టమే, అయినను వ్రాయవలెను.

థామస్ హికీ 1816లో చిత్రించిన మెకంజీ పటము లండనులో నున్నది. ఎఱ్ఱకోటు తొడిగిన దొర చుట్టు ముగ్గురు దేశీయులు నిలిచియున్నారు. వారిలో ఒకని చేతిలో దూరదర్శిని యున్నది.