రోములో ఒక ఈస్టరు: బాల మోజార్టు

1769 డిసెంబరు 13వ తేదీన లియోపోల్డ్ మోజార్టు తన పదమూడేళ్ళ కుమారుడు వోల్ఫ్‌గాంగ్‌ను వెంటబెట్టుకొని, నేటి ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ నగరం నుండి ఇటలీకి పయనమయ్యాడు. భార్య, కుమార్తె ఇంటనే ఉండిపోయారు. కుమార్తె మరియా అన్నా సామాన్యురాలు కాదు. చిన్ననాట తమ్మునితో పాటు ఐరోపా రాజాస్థానాలలో వాయించి మెప్పు పొందిన విదుషి. పద్దెనిమిదేళ్ళు నిండిన ఆమెకు ఈ యాత్రలో చోటు దక్కలేదు.

మిలాను, బొలోన్యా, ఫ్లారెన్సు నగరాల మీదుగా తండ్రీకొడుకులు 1770 ఏప్రిల్ 11న రోము చేరారు. ఈస్టరుకు ముందటి పవిత్ర వారంలో అది బుధవారం. బడలిక తీరకముందే తండ్రి కుమారుణ్ణి పోపుగారి సిస్టీన్ ప్రార్థనాలయానికి తీసుకొనిపోయాడు. ఆ తొందరకు కారణముంది. పదిహేడవ శతాబ్దంలో గ్రిగోరియో అల్లెగ్రి స్వరపరచిన మిజరేరె అనే పశ్చాత్తాప కీర్తనను అక్కడ ఆ వారంలోనే పాడేవారు. ఒక బృందంలో ఐదు గొంతులు, మరొక దానిలో నాలుగు, వాద్యమన్నది లేదు. తుదకు తొమ్మిదీ ఏకమవుతాయి. దాని ప్రతిని వెలుపలికిచ్చిన వారికి మతబహిష్కారం తప్పదని ప్రతీతి. నిజానికి కొన్ని ప్రతులు అంతకుముందే బయటికి పొక్కాయి.

బాలుడు ఆ కీర్తనను విని, జ్ఞాపకం మీదనే వ్రాసిపెట్టాడు. మరొక మారు వెళ్ళి విని, తప్పులు సరిదిద్దుకొన్నాడని చెబుతారు. ఒకే వరుస చరణం వెంట చరణం మరల మరల వస్తుంది కనుక ఇది మానవాతీతమైన పని కాదు. అయినను తొమ్మిది గొంతుల పొందికను పట్టిన పద్నాలుగేళ్ళ ధారణాశక్తిని మన అవధానులు సైతం మెచ్చుకొందురు. ఆ వ్రాతప్రతి నేడు లభ్యం కాదు.

అదే వారం సెయింట్ పీటర్ విగ్రహ పాదాన్ని ముద్దాడడానికి ఎత్తు చాలక, తనను పైకెత్తవలసి వచ్చిందని ఆ పిల్లవాడు ఇంటికి వ్రాసి తన పొట్టితనాన్ని తానే వేళాకోళం చేసుకొన్నాడు. మిజరేరె సంగతి విని, పాపం చుట్టుకొంటుందేమోనని తల్లీ అక్కా కలత చెందారు. ఆ ఉత్తరం చదివి తండ్రీకొడుకులు నవ్వుకొన్నారు. పోపుగారికే ఈ విషయం తెలుసునని తండ్రి బదులు వ్రాశాడు. శిక్ష మాట అటుంచి, ఆ జూలైలోనే పోపు పద్నాలుగవ క్లెమెంట్ బాలునికి గోల్డెన్ స్పర్ అనే గౌరవాన్ని ప్రసాదించాడు.

ఎనిమిదేళ్ళ తరువాత వోల్ఫ్‌గాంగ్ పారిస్‌లో ఉన్నాడు. కొలువు నుండి తండ్రికి సెలవు దొరకనందున ఈసారి తోడు వచ్చినది తల్లి. 1778 జూలై 3న ఆమె అక్కడనే కన్నుమూసింది. ఆ రాత్రి అతడు తండ్రికి వ్రాసిన ఉత్తరంలో అమ్మకు జబ్బు తీవ్రంగా ఉన్నదని మాత్రమే ఉంది. తండ్రిని, అక్కను మెల్లగా సిద్ధం చేయవలసినదిగా కోరుతూ, నిజాన్ని సాల్జ్‌బర్గ్‌లోని ఒక కుటుంబ మిత్రునికి వేరుగా వ్రాశాడు.