బనియన్‌కు పేరిచ్చిన బలశాలి

చేతుల్లేని బనియన్‌ను సాండో బనియన్ అనడం మనకు అలవాటే. తమిళనాట అయితే ఒట్టి సాండో అంటే చాలు, షాపువాడు తీసి ముందు పడేస్తాడు. ఆ సాండో ఒక మనిషి పేరని చాలామందికి తెలియదు. పొద్దస్తమానం కుర్చీకి అతుక్కుపోయే గుమాస్తా కూడా కండ పెంచుకోవచ్చని వందేళ్ల కిందటే ఊరూరా చాటిన వస్తాదు ఆయన.

యూజెన్ సాండో అసలు పేరు ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ ముల్లర్. 1867 ఏప్రిల్ 2న ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్‌లో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు రష్యాలో ఉంది, పేరు కాలినిన్‌గ్రాడ్. చిన్నప్పుడు తాను బక్కపలచగా ఉండేవాడినని, తండ్రితో ఇటలీ వెళ్లినప్పుడు పాతకాలపు శిల్పాలు చూసి అలాంటి ఒళ్లు కావాలని పట్టుబట్టానని ఆయన చెప్పుకునేవారు. ఆ కథలో నిజమెంతో గానీ, చదివినవాళ్లకు మాత్రం ధైర్యం వచ్చేది. మిలిటరీకి వెళ్లడం ఇష్టంలేక ఇల్లు విడిచి సర్కస్‌లో చేరారు. బ్రస్సెల్స్‌లో అట్టిలా అనే గురువు కంటబడటంతో దశ తిరిగింది. బరువులెత్తడం ఆయన దగ్గరే పద్ధతిగా నేర్చుకున్నారు.

1889లో లండన్‌లో శాంసన్ అనే బలశాలి తనను ఓడించేవాళ్లుంటే రమ్మని రోజూ స్టేజీ మీద నుంచి సవాలు విసిరేవాడు. సాండో ప్రేక్షకుల్లోంచి లేచి వెళ్లి మొదట అతని శిష్యుణ్ని, తర్వాత అతన్నే ఓడించారు. రాత్రికి రాత్రి పేరు మోగిపోయింది. 1893లో అమెరికా వెళ్లారు. అక్కడ జనం ఆయన ఎత్తే బరువుల కంటే ఆయన ఒంటినే ఎగబడి చూశారు. 1894లో ఎడిసన్ స్టూడియోలో ఆయన కండలు తిప్పుతుండగా తీసిన ఫిల్ము, తొలినాళ్ల కదిలే బొమ్మల్లో ఒకటిగా నిలిచిపోయింది.

గుమాస్తాలకు గురువు

అంతటితో ఆగితే సాండో ఒక సర్కస్ వస్తాదుగానే మిగిలేవారు. ఆయన చూపు స్టేజీ కిందున్న జనం మీద పడింది. లండన్‌లో బ్యాంకుల్లో, ఆఫీసుల్లో లెక్కలు రాసుకునేవాళ్లు వేలకు వేలు. కూర్చుని కూర్చుని వీపు వంగి, పొట్ట పెరిగి, మెట్లెక్కితే ఆయాసపడేవాళ్లు. 1897లో సెయింట్ జేమ్స్ స్ట్రీట్‌లో ఆయన వ్యాయామశాల తెరిచారు. చేరినవాళ్ల ఛాతీ, చేతులు, నడుము టేపుతో కొలిచి రాసుకుని, ఎవరికి తగ్గ కసరత్తు వాళ్లకు చెప్పేవారు. అదే ఏడాది బలం సంపాదించడమెలాగో చెప్పే పుస్తకం తెచ్చారు. మరుసటి ఏడాది పత్రిక పెట్టారు. రాలేనివాళ్లకు పోస్టులో పాఠాలు పంపారు.

పద్ధతి తేలిక. ఇంట్లోనే అద్దం ముందు నిలబడి, చేతిలో చిన్న డంబెల్స్ పట్టుకుని, ఏ కండకు పని చెబుతున్నామో దాని మీదే మనసు పెట్టాలి. రోజుకు ఇన్నిసార్లని మొదలుపెట్టి మెల్లమెల్లగా పెంచుకుంటూ పోవాలి. పట్టు వదిలితే తెలిసిపోయేలా, మధ్యలో స్ప్రింగులు బిగించిన డంబెల్స్ కూడా అమ్మారు.

1901 సెప్టెంబరు 14న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో దేహదారుఢ్య పోటీ పెట్టారు. షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త కోనన్ డాయిల్, శిల్పి చార్లెస్ లాస్ ఆయనతోపాటు జడ్జీలు. ఇప్పటి బాడీబిల్డింగ్ పోటీలకు మూలం అదే. 1977 నుంచి మిస్టర్ ఒలింపియా విజేతకు ఇస్తున్నది సాండో విగ్రహమే.

1904-05లో మన దేశానికి వచ్చి కలకత్తా, బొంబాయిల్లో ప్రదర్శనలిచ్చారు. ఆ తర్వాత సాండో అన్నది ఇక్కడ బిరుదైపోయింది. దేవుడి సినిమాలు తీసిన సాండో చిన్నప్ప దేవర్ పేరు ముందున్నది అదే. బెంగళూరులో కె.వి.అయ్యర్ డంబెల్స్‌కు సూర్య నమస్కారాలు జోడించి, పోస్టులో పాఠాలు నడిపారు. వీరఘట్టంలో పుట్టి ఒడిశాలోని బలంగీర్‌లో 1942లో కన్నుమూసిన మన కోడి రామ్మూర్తి నాయుడు కూడా ఆ తరం బలశాలే.

వెనుక బతుకు

సాండో చెప్పినదంతా వేదమేం కాదు. తన ఒళ్లు పెంచింది అట్టిలా దగ్గరెత్తిన పెద్ద బరువులే, జనానికి అమ్మింది చిన్న డంబెల్స్. తేలిక బరువుతో మొదలుపెట్టడం మంచిదే గానీ, అలవాటయ్యాక బరువు పెంచకపోతే కండ ఎదగదు. వ్యాపారంలోనూ దెబ్బ తిన్నారు. 1906లో బ్రిటిష్ పౌరసత్వం తీసుకున్నా, 1911లో రాజు ఐదో జార్జికి వ్యాయామ ఆచార్యుడైనా, మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీలో పుట్టినవాడన్న అనుమానం వెంటాడింది. కోకో పొడి కంపెనీ మునిగింది.

1925 అక్టోబరు 14న 58 ఏళ్లకే పోయారు. గోతిలో పడ్డ కారును ఒంటిచేత్తో ఎత్తబోయి నరం చిట్లిందని లోకం చెప్పుకుంది. డాక్టర్ల రికార్డులో ఉన్నది గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని ఉబ్బి పగిలిందని. ఎంత కండ ఉన్నా లోపలి రక్తనాళాల సంగతి వేరు మరి. పుట్నీ వేల్ శ్మశానంలో భార్య ఆయన సమాధికి పేరు కూడా చెక్కించలేదు. ఏళ్ల తరబడి అది అలాగే ఉంది. 2008లో ముని ముని మనవడు సాండో అని చెక్కించిన రాయి నిలబెట్టాడు.

వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పాలని, కూర్చునే సమయం తగ్గించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు సూచించింది. కంప్యూటర్ ముందు నడుం పట్టేసేవాళ్లకు జిమ్ ఫీజు భారమైతే అద్దం, రెండు డంబెల్స్, 20 నిమిషాలు చాలు. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ముందు డాక్టర్ని అడిగాకే బరువు పట్టాలి.