ఎమిలీ బ్రాంటీ: లోకం వెదకిన ప్రియుడు

గొప్ప ప్రణయ కథను వ్రాసినవారు గొప్ప ప్రణయాన్ని అనుభవించి ఉండాలని లోకం నమ్ముతుంది. పుస్తకం చదివి కన్నీరు పెట్టిన పాఠకుడు, దానిని మూయగానే రచయిత జీవితంలోనికి తొంగిచూస్తాడు. ఆ కథకు మూలమైన వ్యక్తి ఎవరని వెదకుతాడు. ఈ వెదకులాటకు లొంగని రచయిత్రి ఆంగ్ల సాహిత్యంలో ఒకతె ఉన్నది. ఆమె ఎమిలీ బ్రాంటీ. ఆమె వ్రాసినదిగా నిలిచిన నవల ఒక్కటే, వుదరింగ్ హైట్స్. ఆంగ్లభాషలోని ప్రణయ కథలలో దానిది అగ్రస్థానం. ఐనను ఆమె జీవితంలో ప్రణయం చోటు చేసుకొన్నదని చెప్పడానికి ఒక్క ఆధారమైనా లేదు.

ఎమిలీ 1818 జులై 30వ తేదీన ఇంగ్లండులోని యార్క్‌షైరు ప్రాంతంలో, థార్న్‌టన్ అనే గ్రామంలో జన్మించింది. తండ్రి పాట్రిక్ బ్రాంటీ ఐర్లండు నుండి వచ్చిన క్రైస్తవ మతాచార్యుడు. తల్లి మరియా. వారి ఆరుగురు బిడ్డలలో ఎమిలీ ఐదవది. 1820లో తండ్రికి హావర్త్ గ్రామంలో ఉద్యోగం లభించగా కుటుంబమంతా అక్కడికి తరలి వెళ్ళింది. ఇంటి ముందు శ్మశానం. ఇంటి వెనుక కనుచూపు మేర హెదర్ పొదలతో నిండిన ఎత్తైన బీడుభూములు. ఎమిలీకి ఆ బీళ్ళే లోకమైనవి.

మరుసటి సంవత్సరమే తల్లి మరణించింది. పెత్తల్లి వచ్చి పిల్లలను పెంచింది. 1824లో అక్కలతో పాటు ఎమిలీని ఒక బోర్డింగు పాఠశాలకు పంపారు. అక్కడ జబ్బుపడిన పెద్దక్కలిద్దరూ 1825లో క్షయవ్యాధితో మరణించారు. మిగిలినవారు నలుగురు: షార్లెట్, బ్రాన్‌వెల్, ఎమిలీ, ఆన్.

1826లో తండ్రి కుమారునికొక కొయ్య సిపాయిల పెట్టె తెచ్చి యిచ్చాడు. పిల్లలు ఆ బొమ్మలకు పేర్లు పెట్టి, రాజ్యాలు కల్పించి, చరిత్రలు వ్రాయనారంభించారు. క్రమంగా షార్లెట్, బ్రాన్‌వెల్ కలిసి ఆంగ్రియా అనే రాజ్యాన్ని, ఎమిలీ, ఆన్ కలిసి గోండాల్ అనే ద్వీపాన్ని సృష్టించుకొన్నారు. గోండాల్‌లో రాణులున్నారు, ద్రోహులున్నారు, కారాగారాలున్నవి, మరణించిన ప్రియులకై విలపించే స్త్రీలున్నారు. ఆ వచన కథలు నశించినవి. వాటికి సంబంధించిన కవితలు మాత్రం మిగిలినవి. ఎమిలీ పేరుతో నేడు చదువుకొనే విరహ కవితలలో పెక్కు ఆ కల్పిత పాత్రల నోట పలికించినవే. ఈ సంగతి మరచినవారు వాటిని ఆమె సొంత గాథగా పొరబడినారు.

ఇల్లు విడిచి ఉండడం ఎమిలీకి ప్రాణాంతకంగా ఉండేది. 1835లో రో హెడ్ పాఠశాలకు వెళ్ళి కొద్ది మాసాలలోనే చిక్కి శల్యమై తిరిగివచ్చింది. 1838లో హాలిఫాక్స్ సమీపాన లా హిల్ అనే పాఠశాలలో ఉపాధ్యాయినిగా చేరి కొన్ని నెలలు మాత్రమే పనిచేసింది. 1842లో అక్క షార్లెట్‌తో బ్రస్సెల్స్ నగరానికి వెళ్ళి ఫ్రెంచి భాష నేర్చింది. పెత్తల్లి మరణవార్త విని ఆ సంవత్సరాంతానికే మరలివచ్చింది. ఆపైన హావర్త్ విడిచి ఉద్యోగానికి పోలేదు. వంటయింట పిండి పిసుకుతూ ఎదుట జర్మన్ పుస్తకం నిలబెట్టుకొని చదివేది. కీపర్ అనే పెద్ద కుక్కను వెంట బెట్టుకొని బీళ్ళమీద తిరిగేది. ఒకనాడు దారిని పోతున్న కుక్క ఒకటి కరవగా, ఎవరినీ పిలవక, ఎర్రగా కాల్చిన ఇనుముతో ఆ గాయాన్ని తానే కాల్చుకొన్నది.

ఆ యింటికి యువకులు రాకపోలేదు. తండ్రికి సహాయకుడుగా వచ్చిన విలియం వెయిట్‌మన్ అందగాడు, చతురుడు. 1840లో అతడు ఆ యింటి యువతులకు ప్రేమికుల దినోత్సవపు పద్యాలు పంపి నవ్వించాడు. షార్లెట్ స్నేహితురాలు ఎలెన్ ఆ యింటికి వచ్చినపుడు, అతని చొరవ మితిమీరకుండా ఎమిలీ నడుమ కాపలా నిలిచింది. అందుకు ఇంటివారు ఆమెను మేజర్ అని పరిహాసంగా పిలిచేవారు. ఆ వినోదంలో ఆమె వహించిన పాత్ర నాయికది కాదు, కావలివానిది.

1845వ సంవత్సరపు వేసవి ఈ జీవితంలో చాల ముఖ్యమైనది. ఆ జులైలో, గృహోపాధ్యాయుడుగా ఉన్న బ్రాన్‌వెల్‌ను యజమాని పనినుండి తొలగించాడు. యజమాని భార్యపై తాను పెంచుకొన్న ప్రేమయే దీనికి కారణమని అతడు ఇంట చెప్పుకొన్నాడు. దుఃఖాన్ని మద్యంతోను నల్లమందుతోను చల్లార్చుకోజూశాడు. షార్లెట్ బ్రస్సెల్స్‌లోని తన గురువు, వివాహితుడైన హెగెర్‌పై అనురాగం పెంచుకొని, రాని జవాబులకై ఎదురుచూస్తూ లోలోన కుమిలిపోతూ ఉన్నది. ఒకే కప్పు క్రింద ఇద్దరు ప్రేమచేత చితికిపోయినారు. అదే వేసవిలో ఎమిలీ, ఆన్ కలిసి యార్క్ నగరానికి విహారయాత్ర వెళ్ళి, దారి పొడవునా గోండాల్ పాత్రలుగా నటించి ఆడుకొన్నారు. అప్పటికి ఎమిలీకి ఇరువది ఏడేండ్లు నిండవస్తున్నవి. అక్కచెల్లెండ్రిద్దరూ కొన్ని సంవత్సరాలకొకసారి తమ స్థితిగతులు వ్రాసి దాచుకొనే అలవాటు కలదు. ఆ జులై మాసాంతపు పత్రంలో ఎమిలీ తన మట్టుకు తాను తృప్తిగా ఉన్నానని, అందరూ తనవలెనే నిశ్చింతగా ఉంటే బాగుండునని వ్రాసుకొన్నది. లోటును కప్పిపుచ్చుకొనేవారి మాట కాదది. కొరత లేనివారి మాట.

ఆ శరత్కాలంలో షార్లెట్ కంట ఎమిలీ కవితల పుస్తకం పడింది. తన అనుమతి లేక చదివినందుకు ఎమిలీ మండిపడింది. ఆమెను ఒప్పించడానికి చాల శ్రమ పడవలసివచ్చింది. 1846లో అక్కచెల్లెండ్రు ముగ్గురూ మారుపేర్లతో, సొంత ఖర్చుతో కవితా సంపుటం ప్రకటించారు. మొదటి సంవత్సరం అమ్ముడుపోయినవి రెండు ప్రతులు. 1847 డిసెంబరులో ఎలిస్ బెల్ అనే మారుపేరుతో వుదరింగ్ హైట్స్ వెలువడింది. విమర్శకులు అందులోని శక్తిని గుర్తించినా, కాఠిన్యానికి బెదిరిపోయారు.

కీర్తి చూడడానికి ఎమిలీ బ్రతకలేదు. 1848 సెప్టెంబరులో బ్రాన్‌వెల్ మరణించాడు. వెంటనే ఆమె జబ్బుపడింది. వైద్యుని దరిచేరనీయలేదు. డిసెంబరు 19వ తేదీన కూడ తానే లేచి దుస్తులు ధరించి క్రిందికి వచ్చింది. మధ్యాహ్నం కన్ను మూసింది. అప్పటికి ముప్పది యేండ్లు. శవయాత్రలో కీపర్ కూడ నడిచింది.

అప్పటినుండి లోకం వెదకులాట మొదలుపెట్టింది. 1867లో బ్రాన్‌వెల్ స్నేహితుడొకడు ఆ నవల బ్రాన్‌వెల్‌దేనని పత్రికకు వ్రాశాడు. ప్రేమించి చెడినవాడు కనుక ప్రేమకథ వాని చేతినుండి వచ్చి ఉండాలని కొందరికి తోచింది. 1936లో వర్జీనియా మూర్ అనే రచయిత్రి ఎమిలీ జీవితచరిత్రను ప్రకటించింది. ఒక కవిత వ్రాతప్రతిపై ప్రేమకు వీడ్కోలు అనే అర్థమిచ్చే శీర్షిక అస్పష్టంగా ఉండగా, ఆమె దానిని లూయీ పరెన్సెల్ అనే పురుషుని పేరుగా చదివింది. ఎమిలీకి రహస్య ప్రియుడు దొరికినాడనుకొన్నది. పండితులు పరిశీలింపగా ఆ పురుషుడు అక్షరభ్రమ యని తేలిపోయింది. ఐనను వెదకులాట ఆగలేదు. 2022లో వచ్చిన ఎమిలీ అనే చలనచిత్రం ఆమెకు వెయిట్‌మన్‌తో ప్రణయాన్ని కల్పించింది.

ఇన్ని కల్పనలకు మూలం ఒక్క అపనమ్మకం: ప్రణయం లేని జీవితం ఉండదు, ఉన్నచో అది అసంపూర్ణం అని. కోరికను జయించినవారికి మన దేశంలో పేర్లున్నవి. బ్రహ్మచారి, విరాగి, సన్యాసి అని గౌరవిస్తాము. కోరికయే స్వభావసిద్ధంగా కలుగనివారికి మాత్రం వాడుకలో పేరు లేదు. ఇటీవలి కాలంలో ఆంగ్లంలో రెండు మాటలు వ్యాప్తికి వచ్చినవి. ఇతరులయెడ శారీరకమైన ఆకర్షణ కలుగనివారిని ఏసెక్సువల్ అని, ప్రణయభావం కలుగనివారిని ఏరొమాంటిక్ అని అంటారు. ఇది వ్రతం కాదు, వ్యాధి కాదు; స్వభావం. అట్టి పాఠకులు కొందరు ఎమిలీని తమ మనిషిగా తలచుకొంటున్నారు. ఆమె తనకు ఏ పేరూ పెట్టుకొనలేదు. లేని ప్రియుని అంటగట్టడం ఎంత తప్పో, మరణించినవారి నుదుట ఒక పేరు చెక్కడం కూడ అంతే తప్పు. కాని, అటువంటి జీవితం సంపూర్ణం కాగలదని అంగీకరిస్తే చాలు, ఆమె చరిత్రలో పూరింపవలసిన ఖాళీ ఏదీ కనిపించదు.

నవలయే దీనికి సాక్ష్యం. అందులో కాథరిన్, హీత్‌క్లిఫ్‌ల బంధం చూపులతో పుట్టినది కాదు. బీళ్ళమీద కలిసి పెరిగిన ఇద్దరు పిల్లల ఏకత్వం అది. అతడు అందగాడని ఆమె ప్రేమించదు. అతడు తానే అని భావిస్తుంది. హీత్‌క్లిఫ్‌లో కావ్యనాయకుని ఊహించుకొన్న ఇసబెల్లా సర్వనాశనమవుతుంది. ఇంతటి కథను చెప్పేది ఎవరు? నెల్లీ డీన్ అనే గృహ నిర్వాహకురాలు. ఆమెకు పెండ్లి లేదు, తనదంటూ ప్రణయ గాథ లేదు. ధనికుడైన ఎడ్గర్‌ను ఎందుకు ప్రేమిస్తున్నావని కాథరిన్‌ను నిలదీసి, ఆ జవాబులలోని డొల్లతనాన్ని బయటపెట్టేది ఆమెయే. ప్రేమలో మునిగినవారికి కనిపించనిది గట్టున నిలిచిన నెల్లీకి కనిపిస్తుంది.

ఎమిలీ కూడ గట్టున నిలిచి చూచింది. అన్నను చూచింది, అక్కను చూచింది, బీళ్ళను చూచింది. గోండాల్‌లో ఎన్నో ఏండ్లు మనుష్యుల హృదయాలను ఊహించింది. రచయితకు అనుభవం ముఖ్యమే. కాని చూపు, ఊహ కూడ అనుభవాలే. వుదరింగ్ హైట్స్‌ను పాఠంగా చెప్పే గురువు గాని, చదివే విద్యార్థి గాని, ఆమె ఎవరిని ప్రేమించిందని అడుగుటకు మారుగా, ఏమి చూచిందని అడుగుట మంచిది. ఆ ప్రశ్నకు జవాబు పుస్తకంలోనే ఉన్నది.