మాట పొదుపు

మా సికింద్రాబాద్ ఇంటి ముందున్న వేపచెట్టును చూస్తే నాకు ‘చెట్టు కవి’ ఇస్మాయిల్ గారు గుర్తొస్తారు.

ఆయన 1928లో నెల్లూరులో పుట్టారు. కాకినాడ పి.ఆర్. కాలేజీలో తత్వశాస్త్రం చెప్పేవారు. 1970లో విరసం పుట్టింది. కవిత అంటే నినాదమేనని చాలామంది నమ్మిన రోజులవి. అలాంటి సమయంలో 1972లో వచ్చిన ఆయన సంపుటి పేరు ‘చెట్టు నా ఆదర్శం’. ఈయనకి సమాజం పట్టదా అన్నారు. ఆయన దారి మార్చుకోలేదు.

జపాన్‌లో బషో 1686లో చెరువులోకి దూకిన కప్ప మీద హైకూ చెప్పాడు. పదిహేడు అక్షరాలు, మూడే పాదాలు. ఆ హైకూ మీద ఇస్మాయిల్ గారికి మనసైంది. డెబ్బయ్యేళ్ళకి దగ్గరపడ్డాక, 1997లో, తన హైకూలను ‘కప్పల నిశ్శబ్దం’ పేరుతో తెచ్చారు.

ఇన్ని కష్టాల లోకంలో కప్పల గొడవేమిటని నేనూ అనుకున్నదాన్నే. మా అమ్మ పోయినప్పుడు ఎందరో వచ్చి ఓదార్చారు. ఒక్క మాటా గుర్తులేదు. ఏమీ అనకుండా, నా చెయ్యి పట్టుకుని సాయంత్రందాకా కూచున్న పక్కింటి పిన్నిగారే గుర్తున్నారు. ఆ తర్వాతే ఆయన హైకూలు మళ్ళీ తెరిచాను.

2003 నవంబరులో ఆయన కన్నుమూశారు. ఇప్పుడు కథ రాశాక ఓదార్పు మాటలన్నీ వెతికి మరీ కొట్టేస్తున్నాను.