ఐక్యూ టెస్టు పుట్టింది పిల్లలను పక్కకు పెట్టనీకి కాదు

ఫోన్ తెరిస్తే చాలు, నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పి మీ ఐక్యూ ఎంతనో తెలుసుకోండని యాడ్లు వస్తుంటయ్. నెంబర్ ఎక్కువస్తే స్టేటస్ పెట్టుకుంటరు, తక్కువస్తే మనసు చిన్నబుచ్చుకుంటరు. ఆ టెస్టుకు మూలం వేసినాయన ఆల్ఫ్రెడ్ బినే. ఫ్రాన్స్ దేశపాయన. మనిషి తెలివి మొత్తం ఒక్క అంకెల పడుతదని ఆయన నమ్మలేదు. అట్ల వాడితే పిల్లలకే నష్టమని భయపడ్డడు. చివరికి ఆయన భయపడ్డదే జరిగింది.

బినే 1857 జులై 8న నీస్ పట్నంల పుట్టిండు. తండ్రి డాక్టర్, తల్లి బొమ్మలు వేసేది. ఇద్దరూ విడిపోతే తల్లే పెంచింది. 1878ల లా పట్టా తీసుకున్నడు గని వకీలు పని మీద మనసు పోలె. పారిస్‌ల ఉన్న జాతీయ లైబ్రరీల కూసొని సైకాలజీ పుస్తకాలు చదువుడు మొదలువెట్టిండు. సైకాలజీల గురువు లేడు, డిగ్రీ లేదు. అప్పటికి ఆ సైన్స్ కూడా చిన్నపిల్ల లెక్కనే ఉండె. అంతకుముందు మనసు గురించి మాట్లాడెటోళ్లు తత్వవేత్తలే. 1879ల జర్మనీల విల్‌హెల్మ్ వుంట్ లైప్‌జిగ్ యూనివర్సిటీల ల్యాబ్ పెట్టినంకనే మనసును కూడా ప్రయోగం చేసి చూడొచ్చన్న మాట గట్టిపడ్డది.

1883ల బినే పారిస్‌ల సాల్‌పెట్రియేర్ దవాఖానల చేరిండు. అక్కడ షార్కో అనే పెద్ద డాక్టర్ హిప్నాటిజం మీద పని చేస్తుండె. బినే, ఫెరే అనే ఇంకో డాక్టర్ కలిసి ఒక వింత సంగతి బయటపెట్టిన్రు. హిప్నాటిజంల ఉన్న రోగి దగ్గర అయస్కాంతం పెడితే, ఒంటికి ఎడమ దిక్కున్న లక్షణం కుడి దిక్కు పోతదని రాసిన్రు. బెల్జియం నుంచి డెల్‌బెఫ్ అనే పండితుడు వచ్చి కండ్లారా చూసిండు. అసలు కథ వేరే ఉన్నది. ఏం జరగాల్నో రోగి ముందటనే మాట్లాడుకుంటున్నరు. వాళ్లు ఏం కోరుకుంటున్నరో రోగికి ఎరుకే, అట్లనే చేస్తున్నది. అయస్కాంతం పని ఏం లేదు. బినే మొదట వాదించిండు, తర్వాత తప్పు ఒప్పుకున్నడు. పరువు పోయింది.

కాని ఆ దెబ్బతోనే ఆయన అసలు సైంటిస్ట్ అయిండు. ప్రయోగం చేసేటాయన మనసుల ఏమున్నదో అది ఫలితంల కలుస్తదని జన్మల మరువలేదు. ఇయ్యాల కొత్త మందును పరీక్షించేటప్పుడు, అసలు మందు ఎవరికిచ్చిన్రో అటు రోగికి, ఇటు డాక్టర్‌కు చెప్పకుంట దాచుడు కూడా ఇందుకే.

దవాఖాన విడిచినంక ఇంట్లనే తన ఇద్దరు బిడ్డలు మాడ్లెన్, అలీస్‌ను గమనించిండు. చిన్నపిల్లలు కుప్పలల్ల ఏది ఎక్కువనో చెప్పేటప్పుడు లెక్క చూడరు, ఎంత జాగ పట్టిందో చూస్తరని కనిపెట్టిండు. ఒకే ఇంట్ల పెరిగిన ఇద్దరు బిడ్డల ఆలోచన తీరు కూడా వేరేవేరేగ ఉన్నదని రాసుకున్నడు. 1891ల సోర్బాన్ యూనివర్సిటీ ల్యాబ్‌ల జీతం లేకుంట చేరి, కొన్నేండ్లకు దానికే డైరెక్టర్ అయిండు. ప్రొఫెసర్ కుర్చీ మాత్రం చచ్చేదాక దక్కలే.

ఆ కాలంల తలకాయ పెద్దగుంటే తెలివి ఎక్కువని పెద్ద పెద్ద సైంటిస్టులు నమ్మిన్రు. బినే కూడా బడులకు పోయి, సార్లు తెలివైనోళ్లని, వెనుకబడ్డోళ్లని చెప్పిన పిల్లల తలలు కొలిచిండు. తేడా శానా చిన్నగనే ఉండె. అదన్నా నిజమా, లేకుంటే ఎవరు తెలివైనోళ్లో ముందే తెలుసు కాబట్టి నా చేతులే అట్ల కొలిచినయా అని తన మీద తనకే అనుమానం వచ్చింది. ఆ దారి విడిచిపెట్టిండు.

ఫ్రాన్స్‌ల 1882ల పిల్లలందరూ చదువాలని చట్టం వచ్చింది. అందరూ బడికి వచ్చినంక కొందరు వెనుకబడుతున్నరని తేలింది. 1904ల సర్కారు ఒక కమిటీ వేసింది. బినే అండ్ల మెంబర్. ఎవరికి ప్రత్యేక సాయం కావాల్నో ఎట్ల తెలుస్తది? సారుకు కోపమొస్తే ఒక పేరు, డాక్టర్‌కు తోస్తే ఇంకో పేరు పెడుతుండె. అందుకే 1905ల బినే, తెయోడోర్ సిమోన్ అనే డాక్టర్ కలిసి 30 పనులతోని ఒక పరీక్ష తయారుచేసిన్రు. వెలుగుతున్న అగ్గిపుల్ల వెంబడి చూపు తిప్పుడు, బొమ్మల వస్తువుల పేర్లు చెప్పుడు, విన్న మూడు అంకెలు తిరిగి చెప్పుడు, ఈగకూ సీతాకోకచిలుకకూ తేడా చెప్పుడు, అసొంటియి. బడి పాఠం కాకుంట, సొంత బుద్ధితోని చేసే పనులు ఏరిన్రు. 1908ల వాటిని వయసుల వారీగ పేర్చిన్రు. ఒక వయసు పిల్లల్ల ఎక్కువ మంది చెయ్యగలిగిన పని ఆ వయసుకు గుర్తు.

దాంతోపాటే బినే హద్దులు కూడా గీసిండు. ఈ పరీక్ష పిలగాడు ఇయ్యాల ఎక్కడున్నడో చెప్తది గని, ఎందుకు అట్లున్నడో, రేపు ఏమైతడో చెప్పదు. ఎత్తు కొలిచినట్టు తెలివిని కొలువలేం. తెలివి పుట్టుకతోనే గడ్డకట్టి ఉంటదన్న మాటను ఆయన గట్టిగ ఎదిరించిండు. ధ్యాస పెట్టుడు, యాదికుంచుకొనుడు, కుదురుగ ఉండుడు నేర్పే ఆటలు తయారుచేసి, వెనుకబడ్డ పిల్లలకు మంచిగ నేర్పితే ముందుకొస్తరని వాదించిండు.

1911 అక్టోబర్ 18న 54 ఏండ్లకే పోయిండు. మరుసటేడు జర్మనీల విలియం స్టెర్న్, మానసిక వయసును అసలు వయసుతోని భాగించి ఒక్క అంకె చేసిండు. అదే ఐక్యూ. అమెరికాల హెన్రీ గాడర్డ్, లూయిస్ టెర్మన్ ఆ పరీక్షను తీసుకున్నరు, బినే గీసిన హద్దులను విడిచిపెట్టిన్రు. తెలివి రక్తంల వస్తదన్నరు. ఓడ దిగిన పేద వలస కూలీలకు పరాయి దేశంల పరీక్షపెట్టి మందబుద్ధులని ముద్రలేసిన్రు. మొదటి ప్రపంచ యుద్ధంల 17 లక్షల మంది సిపాయిలకు ఇసొంటి పరీక్షలే పెట్టిన్రు. అండ్ల అమెరికా వస్తువులు, ఆటగాళ్ల మీద కూడా ప్రశ్నలున్నయ్. కొత్తగ వచ్చినోళ్లకు అవి ఎట్ల తెలుస్తయ్? మందబుద్ధులని ముద్రపడ్డోళ్లకు బలవంతంగ పిల్లలు పుట్టకుంట ఆపరేషన్లు చేసే చట్టాలు వచ్చినయ్. 1927ల అక్కడి సుప్రీంకోర్టు కూడా ఒప్పే అన్నది. అట్ల 60 వేల మందికి పైన బలైన్రు.

మన దేశంల కూడా బినే పరీక్ష ఉన్నది. వి.వి. కామత్ ధార్వాడ్‌ల కన్నడ, మరాఠీ పిల్లలకు సరిపోయేటట్టు దాన్ని మార్చిండు. బినే-కామత్ టెస్టు పేరుతోని ఇప్పటికీ వాడుతున్నరు. ఎదుగుదలల వెనుకబడ్డ పిల్లలకు సాయం అందియ్యనీకి వాడితే అది బినే కోరుకున్న పనే.

తప్పు కొలతల లేదు, దాన్ని తీర్పు చేసిన తీరుల ఉన్నది. ఊరి బడిల ఒక్క పరీక్ష తప్పితే వీడు దేనికీ పనికిరాడని పేరుపెట్టేటోళ్లు ఇప్పటికీ ఉన్నరు. ఆ పేరే పిలగాని మనసుల నాటుకుంటది. ర్యాంక్ తక్కువొచ్చిందని చదువు బందు చేయించేకంటే ముందు బినే అడిగిన ప్రశ్న మనమూ అడగాలె. వీడికి ఏం రాదు అని కాదు, వీడికి ఏం నేర్పాలె, ఎట్ల నేర్పాలె అని.