వయస్సూ వివేకమూ: గిడుగు రామమూర్తి పంతులుగారి జీవితం

పెద్దలమాట చద్దిమూట అని తెలుగునాట వాడుక. తల నెరిసినవాని మాటకు సభలోనూ ఇంటిలోనూ గౌరవం ఉంటుంది. ఏళ్లు గడచినకొద్దీ అనుభవమూ, అనుభవం పెరిగినకొద్దీ వివేకమూ వాటంతట అవే సమకూరుతాయని లోకంలో స్థిరపడిన నమ్మకం. ఈ నమ్మకం ఉపాధ్యాయవృత్తిలో మరీ బలంగా కనబడుతుంది. ఎక్కువ కాలం పనిచేసినవారే ఎక్కువ తెలిసినవారని అక్కడ సామాన్యంగా భావిస్తారు. అయితే వయస్సు వివేకాన్ని ఇస్తుందా, లేక వివేకాన్ని సంపాదించుకోవడానికి గడువు మాత్రమే ఇస్తుందా? ఈ రెంటికీ గల భేదం తెలుసుకోవడానికి శ్రీ గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి జీవితం మంచి నిదర్శనం. ముప్పై ఏళ్లు బడిపంతులుగా పనిచేసి, నడివయస్సు దాటిన తరువాత తమ వృత్తినే కొత్త కన్నులతో చూడగలిగిన మహనీయులాయన.

1863 ఆగస్టు 29వ తేదీన, వంశధారానది ఒడ్డున పర్వతాలపేట అనే గ్రామంలో ఆయన జన్మించారు. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూ ఉద్యోగి, తల్లి వెంకమ్మగారు. 1875లో తండ్రి విషజ్వరంతో మరణించారు. అప్పటికి కుమారునికి ఇంకా పన్నెండేళ్లే. ఆ ఏటనే విజయనగరంలో మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చేరారు. గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయనకు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషను ప్యాసై, మరుసటి ఏడు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా కుదిరారు. విద్యార్థిగా ఉండవలసిన వయస్సులో ఉపాధ్యాయుడు కావలసి వచ్చింది. బహుశా అందువల్లనే ఉపాధ్యాయుడైన తరువాత కూడా ఆయన విద్యార్థిగానే మిగిలిపోయారు.

పగలు పాఠాలు చెప్పి, రాత్రులు చదువుకొని, ఎఫ్.ఎ., బి.ఎ. పరీక్షలకు ప్రైవేటుగా వెళ్లి కృతార్థులైనారు. చరిత్ర ఆయన అభిమాన విషయం. పర్లాకిమిడికి దగ్గరలోనే శ్రీముఖలింగ క్షేత్రం ఉంది. అక్కడి ఆలయాల రాతిమీద ప్రాచీన శాసనాలు ఉన్నాయి. చరిత్ర చెప్పే పంతులు వాటిని చదవలేకపోవడం ఆయనకు లోపంగా తోచింది. పుస్తకాలు తెప్పించుకొని, గురువు లేకుండానే ఆ పాత లిపులను అభ్యసించి, శాసనాలు చదవడం నేర్చుకున్నారు. ఈ పరిశ్రమ తరువాతి కాలంలో ఏ విధంగా ఉపకరిస్తుందో అప్పుడు ఆయనకు తెలియదు.

పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాష తెలుగుకు చుట్టం కాదు. ముండా కుటుంబానికి చెందినది. ఆనాటికి ఆ భాషకు లిపి లేదు, పుస్తకం లేదు, బడి లేదు. బజారుకు వచ్చిపోయే సవరలను పట్టణవాసులు నిత్యమూ చూస్తూనే ఉన్నా, వారి మాట నేర్చుకోవాలన్న తలంపు చదువుకున్నవారికి కలగలేదు. రామమూర్తిగారికి కలిగింది. సవరమాట తెలిసినవారిని ఇంట ఉంచుకొని, ఒక్కొక్క మాటే అడిగి, విని, వ్రాసి, ఆ భాషను పట్టుపట్టి నేర్చుకున్నారు. వాచకాలు, కథలు, పాటలు కూర్చారు. తమ ఖర్చుమీద సవర పిల్లలకు బడి పెట్టి, వారి భాషలోనే చదువు చెప్పించారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపినప్పుడు, ఆ సొమ్ము తమకు వద్దని, సవరల బడికి వినియోగించమని కోరారు.

ఆ కృషికి ఆయన పెద్ద మూల్యమే చెల్లించారు. మన్యంలో తిరిగేటప్పుడు పట్టుకున్న మలేరియాకు క్వినైను విస్తారంగా వాడవలసి వచ్చింది. దానివల్ల ఆయన వినికిడి చెడిపోయింది. మనుష్యుల నోటిమాటను చెవితో విని నేర్చుకోవడమే ప్రధానవ్యాసంగంగా పెట్టుకున్నవారికి చెవుడు రావడం సామాన్యమైన కష్టం కాదు. అయినా ఆ కారణంగా పని మానలేదు.

ఇంతటి జిజ్ఞాసువు విషయంలో కూడా ఒక సంగతి గమనించదగినది. 1880 మొదలు సుమారు ఇరవైయేడేళ్లు ఆయన పాఠశాలలో గడిపారు. ఆ కాలమంతా తెలుగు పిల్లలు పడుతున్న ఒక అవస్థ ఆయన కన్నుల ఎదుటనే ఉంది. ఇంట వచ్చాడు, చేస్తున్నాడు అని మాట్లాడే బాలుడు, బడిలో పలకమీద వచ్చెను, చేయుచున్నాఁడు అని వ్రాయాలి. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణం ప్రమాణం. సంధులు, అరసున్నలు, శకటరేఫలు తప్పితే మార్కులు పోతాయి. పిల్లవానికి చెప్పదలచిన సంగతి తెలిసినా, చెప్పే భాష తెలియక కలం ఆగిపోయేది. ఇది ప్రతి తరగతిలోనూ ప్రతిదినమూ జరిగేదే. అయినా వేలకొలది ఉపాధ్యాయులవలెనే రామమూర్తిగారు కూడా దీనిని మార్చడానికి అంతకాలం పూనుకోలేదు. ఇరవైయేడేళ్ల అనుభవం తనంతట తానుగా ఆ పని చేయించలేకపోయింది. అలవాటైన తప్పు తప్పుగా కనబడదు. ఏళ్లు గడచినకొద్దీ అది ఆచారమై కూర్చుంటుంది.

ఒక పరాయిదేశస్థుని ప్రశ్న ఆ ముసుగును తొలగించింది. జె.ఎ. యేట్సు అనే ఆంగ్లేయుడు 1906 ప్రాంతంలో ఉత్తర జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. ప్రజలు మాట్లాడే తెలుగుకూ, పుస్తకాలలో నేర్పే తెలుగుకూ ఇంత దూరమెందుకని అతడు పండితులను అడిగాడు. చాలామందికి అది తెలియనివాని ప్రశ్నగా తోచింది. విశాఖపట్నంలో కళాశాలాధ్యక్షులైన పి.టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరంలో గురజాడవారు, పర్లాకిమిడిలో రామమూర్తిగారు మాత్రం దానిని తీవ్రంగా ఆలోచించారు. అప్పటికి రామమూర్తిగారి వయస్సు నలభైనాలుగేళ్ల దరిదాపు. స్థిరమైన ఉద్యోగం, పండితుడన్న పేరు, పెద్ద కుటుంబం ఏర్పడ్డాయి. ఆ వయస్సులో పాత అభిప్రాయాన్ని విడిచిపెట్టడానికి ఎవరూ ఆయనను నిర్బంధించలేదు.

పాత పరిశ్రమలన్నీ ఇప్పుడు ఉపయోగానికి వచ్చాయి. లిపి లేని సవరభాషకు కూడా చక్కని నియమాలుండడం ఆయన స్వయంగా చూశారు. కనుక వ్యాకరణం పుస్తకంలో పుట్టదని, ప్రజల నోట పుట్టిందాన్నే పుస్తకం గ్రహిస్తుందని ఆయనకు తెలుసు. శాసనాలు చదివినందువల్ల, ప్రాచీనులు సైతం వచనంలో తమ కాలపు వాడుకమాటలను వ్రాశారని గుర్తించగలిగారు. వ్రాతప్రతులు, పాత వచనగ్రంథాలు, వ్యాఖ్యానాలు వెదకి ఉదాహరణలు పోగుచేశారు. గద్యచింతామణి, బాలకవిశరణ్యం మొదలైన గ్రంథాలు ఈ అన్వేషణ ఫలితాలే.

1911లో ఉపాధ్యాయపదవి నుండి విరమించారు. నలుగురు విశ్రాంతిగా భావించే ఆ ఘట్టం ఆయనకు కార్యారంభం అయింది. పుస్తకాల మూటలు వెంటబెట్టుకొని ఊరూరా తిరిగి సభలలో ఉపన్యసించారు. 1913లో ఆధునికాంధ్రభాషను గురించి ఆంగ్లంలో ఒక విజ్ఞాపనం ప్రకటించారు. పాఠశాలల తుదిపరీక్షలో వ్యాసరచనకు వాడుకభాషను అనుమతించే ప్రయత్నం జరిగింది గాని, పండితవర్గం తీవ్రంగా ప్రతిఘటించడంతో 1914 నాటికి అది వెనుకకు పోయింది. 1915 నవంబరులో గురజాడవారు కన్నుమూశారు. బాల్యమిత్రుడు, ఉద్యమంలో కుడిభుజం వంటివాడు లేని లోటు ఎంతటిదో చెప్పనక్కరలేదు. భారమంతా ఏబదిరెండేళ్ల రామమూర్తిగారిమీద పడింది.

ఈ వివాదంలో పాల్గొన్నవారి వయస్సులను సరిపోల్చి చూస్తే మొదటి ప్రశ్నకు సమాధానం కొంతవరకు దొరుకుతుంది. గురజాడవారు రామమూర్తిగారి కంటె ఒక్క ఏడే పెద్ద. వారి కన్యాశుల్కం 1897లోనే అచ్చయింది. అంటే వాడుకభాష విలువను ఆయన ముప్పైల వయస్సులోనే గ్రహించారు. రామమూర్తిగారికి అది నలభైలలో స్ఫురించింది. వారికి ఇంచుమించు సమవయస్కులైన జయంతి రామయ్య పంతులుగారు జీవితాంతం గ్రాంథికభాషాపక్షాన నిలబడ్డారు. ఆయన విద్వత్తు తక్కువది కాదు. 1911లో ఆంధ్రసాహిత్య పరిషత్తు స్థాపనకు కారకులు; సూర్యరాయాంధ్ర నిఘంటు నిర్మాణంలో ముఖ్యులు; శాసనాలలోని పద్యాలను సేకరించి శాసనపద్యమంజరిగా ప్రకటించినవారు. ఒకే తరంవారు, ఇద్దరూ శాసనాలు చదివినవారు. ఒకరు వాటిలో పద్యాల ప్రౌఢిని చూశారు. మరొకరు వచనంలోని వాడుకను చూశారు. కాలం ఇద్దరికీ సమానంగానే గడిచింది. వారిని వేరుచేసింది వయస్సు కాదు, అడిగిన ప్రశ్న.

ఇక కందుకూరి వీరేశలింగం పంతులుగారి సంగతి మరింత ఆశ్చర్యకరం. తెలుగు వచనానికి కొత్త బాటలు వేసిన ఆయన, తమ గ్రంథాలను చాలవరకు వ్యాకరణబద్ధమైన భాషలోనే వ్రాశారు. ఆ భాషమీదనే వారి కీర్తి నిలిచింది. అటువంటివారు 1919 ఫిబ్రవరిలో, డెబ్బై ఏళ్లు నిండిన తరువాత, రాజమహేంద్రవరంలో ఏర్పడిన వర్తమానాంధ్రభాషా ప్రవర్తక సమాజానికి అధ్యక్షులుగా ఉండడానికి అంగీకరించారు. మూడు నెలలకే, మే 27న, పరమపదించారు. తమ జీవితకాలపు రచనాపద్ధతి కంటె భావితరాలకు వేరొక పద్ధతి మేలని ఆ వయస్సులో ఒప్పుకోవడానికి గొప్ప మనస్సు కావాలి. వార్ధక్యం మనిషిని తప్పక మొండివానిగా చేస్తుందన్న మాట కూడా నిజం కాదని దీనివల్ల తేలుతుంది.

ఆ సంవత్సరమే రామమూర్తిగారు తెలుగు అనే పేరుతో ఒక మాసపత్రిక ప్రారంభించారు. అది ఎక్కువకాలం సాగలేదు. అయినా ఆయన ఆగలేదు. ఒకవైపు ఈ పోరాటం సాగుతుండగానే సవరభాషాకృషి కూడా పరిపూర్ణం చేసుకున్నారు. సవరభాషా వ్యాకరణ గ్రంథం 1931లో, ఇంగ్లీషు–సవర నిఘంటువు 1933లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. చివరి గ్రంథం వచ్చేనాటికి ఆయనకు డెబ్బైయైదేళ్లు. యౌవనంలో నాటిన మొక్కకు వార్ధక్యంలో ఫలం కోశారు. 1938లోనే ఆంధ్రవిశ్వవిద్యాలయం ఆయనను కళాప్రపూర్ణ బిరుదంతో సత్కరించింది. వయస్సు మనిషికి చేసే మేలు ఏదంటే ఇది: ఓపికగా పూర్తిచేయడానికి అది కాలాన్ని ఇస్తుంది. మొక్క నాటనివానికి మాత్రం కాలమైనా ఏమి ఇవ్వగలదు?

ఆయనలో లోపాలు లేవని చెప్పరాదు. వాదంలో ఆయన సౌమ్యులు కారు. ప్రతిపక్షులు వ్రాసిన పుస్తకాలనే తీసుకొని, వారి వ్యాకరణం ప్రకారమే వారి తప్పులు వరుసగా ఎత్తిచూపేవారు. ఆంధ్రపండిత భిషక్కుల భాషాభేషజం అన్న గ్రంథనామంలోనే ఎత్తిపొడుపు ఉంది. పండితులు సైతం దోషం లేకుండా వ్రాయలేని భాషను పసిపిల్లలపై రుద్దడం న్యాయమా అన్నదే ఆయన ఉద్దేశం. కాని అది కొందరి మనస్సులను నొప్పించి దూరం చేసి ఉండవచ్చు. ఏళ్లు పెరిగినంతమాత్రాన పట్టుదల మెత్తబడలేదు. వివేకమూ శాంతమూ ఎల్లప్పుడూ జంటగా రావు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, పర్లాకిమిడి అందులో చేరింది. అలా చేర్చరాదని ఆయన చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. ఏబదియారేళ్లు నివసించిన ఊరిని, తాము చదువు చెప్పిన బడిని, సవరకొండలను విడిచి, డెబ్బైమూడో ఏట రాజమహేంద్రవరానికి తరలివచ్చారు. ఆ వయస్సులో వేళ్లతో పెకలించుకొని రావడం ఎంత బాధాకరమో పెద్దలకు తెలుసు. అక్కడ కూడా పుస్తకాలే ఆయన సంపద.

1940 జనవరి నెల నడుమ మద్రాసులో పత్రికారచయితల ఎదుట ప్రసంగిస్తూ, ప్రజలకోసం నడిచే పత్రికలు ప్రజల భాషలో వ్రాయాలని మరొకసారి ప్రబోధించారు. వారం రోజులకే, ఆ నెల 22న, దివంగతులైనారు. ఆయన కోరిన మార్పు అప్పటికి సంపూర్ణం కాలేదు. తరువాతి దశాబ్దాలలో పత్రికలు, పాఠ్యగ్రంథాలు, విశ్వవిద్యాలయాలు క్రమంగా వాడుకభాషను స్వీకరించాయి. ఆయన జన్మదినం ఆగస్టు 29ని తెలుగు భాషాదినోత్సవంగా జరుపుకోవడం తెలుగువారికి ఆనవాయితీ అయింది.

రామమూర్తిగారి డెబ్బైయారేళ్ల జీవితంలో వివేకం వయస్సు వెంట నడచిరాలేదు. ముఖలింగం రాతిముందు, సవరల గుడిసెముందు, ఒక పరదేశీయుని ప్రశ్నముందు తెలియనివానిగా నిలబడ్డప్పుడే అది ఆయనను వరించింది. ఇరవైయేడేళ్ల ఉద్యోగం నేర్పని పాఠాన్ని ఒక్క ప్రశ్న నేర్పింది. కాని ఆ ప్రశ్నను వినగల మనస్సును ఆయన ఆ ఇరవైయేడేళ్లూ చదువుతో సిద్ధం చేసుకున్నారు. తరగతిలో పిల్లవాని కలం ఎందుకు ఆగిందో ఆలోచించే ఉపాధ్యాయునికి ప్రతి సంవత్సరమూ కొత్త అనుభవమే. ఆలోచించనివానికి ముప్పై ఏళ్లు గడిచినా, అది మొదటి ఏటి అనుభవాన్నే ముప్పైసార్లు తిరగవేయడం అవుతుంది.